మిగతావాటి గుట్ట

రెండుసార్లు కాదనిపించుకున్నాక మెహర్‌కి ఒళ్లు మండిపోయింది. మూడోసారీ కాదంటే ఇక ఆ ఊసే ఎత్తకూడదనుకుంది.

కాదన్నది ఎవరో కాదు, శివరామకృష్ణ. గుంటూరులో కూర్చుని పన్నెండేళ్ల కిందట ‘కదురు’ అనే ప్రోగ్రామింగ్ భాషను కట్టిన పెద్దమనిషి. ఆ భాషలో ప్రతిదీ ఒక వస్తువు. పని చెబితే చేస్తుంది. అంతవరకు బాగానే ఉంది. కానీ ‘ఇదైతే ఇలా, అదైతే అలా’ అని రాసే చోట దానికి పని చెయ్యడమే తెలుసు, జవాబు చెప్పడం తెలియదు. ముందుగా ఒక ఖాళీ డబ్బా పెట్టుకుని, ఒక్కో దారిలో దాన్ని నింపుకుంటూ రావాలి. ఒక్క దారిలో నింపడం మర్చిపోతే ఖాళీ డబ్బాయే ముందుకు పోతుంది. ప్రోగ్రాం ఇంకెక్కడో కూలుతుంది.

మంగళగిరి ఆఫీసులో పనిచేసే మెహర్ రెండేళ్ల సెలవు రోజులన్నీ ధారపోసి దీనికి మందు కనిపెట్టింది. పేరు ‘ఎంచు’. ఫంక్షనల్ అనే ఇంకో రకం ప్రోగ్రామింగ్ భాషల్లో ఎప్పటినుంచో ఉన్న పద్ధతినే వస్తువుల భాషలో ఇమిడేలా తీర్చిదిద్దింది. ఎంచుకి ఒక వస్తువునిస్తే అది ఏ రకమో చూసి నేరుగా జవాబిస్తుంది. ఉన్న రకాల్లో ఏ ఒక్కదానికి జవాబు రాయకపోయినా, రాసినదాన్ని సరిచూసే కంపైలర్ అక్కడే ఆపేస్తుంది.

శివరామకృష్ణకి అంతా నచ్చింది, ఆ ఆపడం ఒక్కటీ తప్ప. “చివర ‘మిగతావన్నీ’ అని ఒక లైను మనమే తగిలిద్దామమ్మా. రాసేవాళ్లకి హాయిగా ఉంటుంది” అంటాడు. ఆ లైనొస్తే కంపైలర్ ఇక దేనికీ ఆపదు, తన రెండేళ్ల కష్టం గంగలో కలిసినట్టేనని మెహర్ భయం. కొత్త వెర్షన్‌లో చేర్చడానికి సోమవారమే ఆఖరు. మెహర్ చిలకలూరిపేట పక్క ఊళ్లో తల్లి దగ్గరుందని తెలిసి, ఆదివారం పొద్దున్నే తేల్చేద్దామని ఆయనే కారేసుకొచ్చాడు.

మిరప కల్లంలో అడుగుపెడుతూనే ఆరు తుమ్ములు తుమ్మాడు. కాయలేరే ఆడవాళ్లు పమిటలు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ ముఠాకి మేస్త్రి అమీర్‌బీ, మెహర్ తల్లి. ముప్పై ఏళ్లుగా ఆమె చెయ్యి పడని కల్లం ఆ చుట్టుపక్కల లేదు.

“కూర్చోండి సారూ. మా అమ్మాయితో గొడవపడేది మీరేనా?”

“గొడవ కాదండీ, చర్చ” అన్నాడాయన ముక్కు తుడుచుకుంటూ. ఊరికే కూర్చోలేక తనూ కాయలేరడం మొదలెట్టాడు. ఎర్రకాయ ఒక గుట్టలోకి, రంగు పోయి తెల్లబారిన తాలుకాయ ఇంకో గుట్టలోకి. ఇది ఎరుపా, తాలా అని అనుమానమొచ్చిన ప్రతి కాయనీ తాలులో పడేస్తూ, అరగంటలో బుట్టెడు తేల్చి గర్వంగా చూశాడు.

అమీర్‌బీ ఆ తాలుగుట్ట తన ముందు కుమ్మరించుకుంది. ఒక్కొక్కటే ఏరింది. సగం మంచికాయే.

“ఇవెందుకు పారేశారు?”

“ఏమిటో తెలియలేదండీ. మిగతావన్నీ అందులోనేగా?”

అమీర్‌బీ చెయ్యి ఆగింది. “నా ముఠాలో మిగతావాటి గుట్ట ఉండదు సారూ. నాలుగేళ్ల కింద కొత్తగా వచ్చినవాళ్లకి నేనే చెప్పా, తెలియందంతా తాలులో వెయ్యండని. ఆ ఏడు జయరావు గారనే రైతు కొత్త విత్తనం వేశాడు, మంచి ధర పలికే నల్లటి ముడతకాయ. రెండ్రోజులు ఆ కాయంతా తాలులోకే పోయింది. ఒక్కరూ నోరెత్తలేదు. ఎందుకెత్తుతారు? వెయ్యడానికి చోటు చూపించింది నేనేగా. తలెత్తుకోలేకపోయా. అప్పట్నుంచి, తెలియని కాయొస్తే చెయ్యి పైకెత్తి ‘ఇదేం కాయ?’ అని కేకెయ్యాలి. తేలేదాకా పని ఆగాల్సిందే.”

శివరామకృష్ణ మెహర్ వైపు తిరిగాడు. “ఇది నాకు ముందే చెప్పొచ్చుగా?”

“మూడు నెలల్నుంచి ఇదే చెబుతున్నా సార్. ముప్పై పేజీలు రాసి మరీ.”

ఆయనకి నవ్వొచ్చింది. ఆ వెంటనే తుమ్మొచ్చింది. “సరే. ఆ లైను వద్దు. నీ ఎంచు నీ ఇష్టప్రకారమే ఉండనీ” అన్నాడు. మెహర్ తల్లిని చూసింది. అమీర్‌బీ అప్పటికే ఎవరినో తొడిమ సరిగా తియ్యలేదని కేకలేస్తోంది. ఆ గొంతు వింటుంటే మెహర్‌కి గుండె నిండిపోయింది. ఆ మొండితనం తనకెక్కడిదో ఎవరూ అడగక్కర్లేదు.

సోమవారం మధ్యాహ్నం ఎంచు భాషలో చేరింది. సాయంత్రం, సెలవు పెట్టి ఇంకా తల్లి దగ్గర కల్లంలోనే ఉన్న మెహర్‌కి శివరామకృష్ణ ఫోన్ చేశాడు. పన్నెండేళ్లలో ఒక్కసారీ కూలలేదని ఊరంతా చెప్పుకునే తన మిరప కోల్డ్ స్టోరేజీ ప్రోగ్రాంలో ఒక ముక్కని ఎంచుతో తిరగరాశాడట. కంపైలర్ ఆపేసిందట.

“ఏమని ఆపింది సార్?” అంది మెహర్, తెలియనట్టు. ఆ సందేశం రాసింది తనే మరి.

“‘ఇదేం కాయ?’ అంది. కింద ‘తడికాయ’ అని చూపించింది. ఎప్పుడో ఆ రకం చేర్చి, ఇక్కడ జవాబు రాయడం మర్చిపోయానమ్మా. ఇన్నేళ్లూ తడికాయంతా మిగతావాటిలోకే పోయింది. నాకే తెలియలేదు. ఫోన్ మీ అమ్మగారికివ్వు.”

అమీర్‌బీ అంతా విని, “ఆగిందా?” అంది.

“ఆగిందండీ.”

“అయితే మా అమ్మాయి పని బాగానే చేసింది” అని, ఫోన్ కూతురికిచ్చి, ముఠా అంతటికీ వినబడేలా అదే మాట మళ్లీ అంది.