వంతెన గట్టిదే

ఆదివారం మధ్యాహ్నాలు పళ్ళ డాక్టరుగారి క్లినిక్కు మూసి ఉండేది. రోగులు కూర్చునే గదిలో, బల్ల మీది పాత పత్రికలు కింద పెట్టేసి, చుట్టూ కుర్చీలు లాక్కుని మేం ఆడుకునేవాళ్ళం. ఆట నడిపే మాస్టరు అన్నయ్య. అతని స్నేహితులు డాక్టరూ, లెక్కల సారూ, ఇంకా వదినా నేనూ ఆటగాళ్ళం. ఆ లవంగ నూనె వాసనలోనే అడవులు దాటాం, కోటలు ఎక్కాం.

ఈ ఆటకు గడులుండవు. ఎదురుగా ఏముందో మాస్టరు చెప్తాడు. ఒక్కొక్కరం ఒక మనిషిని కల్పించుకుని, ఆ మనిషి ఏం చేస్తుందో మనం చెప్తాం. అవుతుందో లేదో తేలకపోతే పాచికలు వేస్తాం. అంతే. మాస్టరు మాటే మనకు కళ్ళు.

వదినకు మొదట్లో ఇదే మింగుడు పడలేదు. అన్నయ్య ఎవరో ముసలివాడి గొంతు పెట్టి, "ఈ దారి మంచిదమ్మా" అన్నాడు. వెళ్తే దొంగలు.

"మీరే కదండీ మంచిదన్నారు?" వదిన మొహం చిన్నబోయింది.

"నేనెక్కడన్నాను? ఆ ముసలాడన్నాడు. వాడు దొంగల మనిషి."

"ఎవరు మాట్లాడుతున్నారో నాకెలా తెలుస్తుంది మరి?"

"అడుగు. నేనే చెప్తున్నా అన్నానంటే అది నిజం. దానికిక తిరుగులేదు."

అప్పటినుంచి అడిగేది. "ఇది మీరంటున్నారా, వాడంటున్నాడా?" నేనే చెప్తున్నా అని అన్నయ్య అన్నాడంటే చాలు, దివిటీ పట్టుకున్న ఆమె మనిషి అందరికంటే ముందు నడిచేది.

"మా ఆవిడ నన్నొక్కసారైనా ఇలా నమ్మితే బాగుండునమ్మా" అనేవాడు డాక్టరు.

"నొప్పి ఉండదంటూనే పళ్ళు పీకుతారు కదండీ, ఎలా నమ్ముతుంది పాపం?" అనేది వదిన.

అన్నయ్యది లిఫ్టులు బాగుచేసే పని. పని మధ్యలో ఆటకోసం తట్టిన ఊహలన్నీ సాయంత్రం నాకు చెప్పేవాడు. వంతెన సంగతి మాత్రం నాకూ చెప్పలేదు.

లోయ మీద తాళ్ళ వంతెన, అవతల కోట. "గట్టిగా ఉందా? మీరే అంటున్నారా?" అని వదిన మామూలుగానే అడిగింది.

అన్నయ్య తలెత్తలేదు. "నేనే చెప్తున్నా. గట్టిదే."

ఆమె మనిషి సగం దూరం చేరేసరికి వంతెన మాయమైంది, మనిషి లోయలో పడిపోయింది. అది మాంత్రికుడు కల్పించిన భ్రమట. పాచికలు కూడా వేయించలేదు.

"అబ్బ! ఏం దెబ్బ కొట్టావురా!" డాక్టరు లేచి చప్పట్లు కొట్టాడు. అన్నయ్య మొహం వెలిగిపోయింది. ఆ వెలుగుతోనే వదిన వైపు తిరిగాడు. ఆమె తన మనిషికి గుర్తుగా పెట్టుకున్న చిన్న మట్టిబొమ్మను బల్ల మీంచి తీసి సంచిలో పెట్టుకుంటోంది.

"బాగుందండీ" అంది.

"అంటే, మాంత్రికుడు అందరి కళ్ళూ కప్పేశాడన్నమాట" అన్నాడు అన్నయ్య.

"మాస్టరు కళ్ళు కూడానా?" అన్నాడు లెక్కల సారు, తప్పు దగ్గర వేలు పెట్టినట్టు.

అన్నయ్య తడబడ్డాడు. "పోనీ వెనక్కి తీసుకుందాం. వంతెన మాయం కాలేదనుకుందాం."

"వద్దండీ. పడ్డది పడ్డట్టే ఉండనివ్వండి."

కోపమైతే లేదు. ఇంటికెళ్ళాక కూర ఏం వండాలో మామూలుగానే మాట్లాడుకున్నారు. పై వారం వదిన కొత్త మనిషిని తయారు చేసుకొచ్చింది. దివిటీ లేదు, పొడవాటి కర్ర ఉంది. అందరి వెనకాల నడిచేది. ఆ ప్రశ్న మాత్రం మళ్ళీ అడగలేదు. అన్నయ్య దానికోసం సందు వదిలేవాడు. "దారి ఖాళీ అంటున్నాడు కాపలావాడు..." అని ఆగి, ఆమె వైపు చూసేవాడు. "నేను కర్రతో నేల తట్టి చూస్తాను" అనేది వదిన. ఆమెను చూసి డాక్టరూ, సారూ అదే పట్టారు. ఒక్కో తలుపు దగ్గర కోర్టులో సాక్షిని నిలబెట్టినట్టు అన్నయ్యను నిలబెట్టేవాళ్ళు.

ఒక ఆదివారం పొద్దున కోట పటం గీస్తూ అన్నయ్య నాకొక గది చూపించాడు. "ఇందులో ఏం లేదు. కొట్లాడి అలసిపోయారు. కాసేపు మంట వేసుకుని కూర్చుంటారు, కబుర్లు చెప్పుకుంటారు." గీసిన గీత మీదే మళ్ళీ గీస్తున్నాడు.

మధ్యాహ్నం ఆ గదిలోకి వచ్చాం. వదిన గోడలు తడతానంది.

"నేనే చెప్తున్నా" అన్నాడు అన్నయ్య, ఎవరూ అడగకుండానే. "ఈ గదిలో ఏమీ లేదు."

డాక్టరు నవ్వాడు. "వంతెన గట్టిదని కూడా నువ్వే చెప్పావు కదరా!"

అందరూ నవ్వారు. అన్నయ్యా నవ్వాడు. నాలుగు గోడలూ తట్టారు, పొయ్యిలో బూడిద కెలికారు, ఒకరి భుజాలమీద ఒకరెక్కి కప్పు చూశారు. పాచికలు పడ్డ ప్రతిసారీ లేదు, లేదు అంటూనే ఉన్నాడు. టీలు చల్లారిపోయాయి.

"ఈ మూల ఇంకా చూడలేదండీ." వదిన పాచిక వేసింది. పెద్ద అంకె పడింది.

అన్నయ్య పాచిక వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు.

"ఒక రాయి కదులుతోంది" అన్నాడు మెల్లగా. "వెనక గూట్లో వెండి కడియం ఉంది."

"చూశారా! లేదన్నారు!" ఎన్నాళ్ళకో వదిన పకపకా నవ్వింది. సారు ఆమెను మెచ్చుకున్నాడు.

అందరూ లేచాక అన్నయ్యా నేనూ కుర్చీలు సర్దుతున్నాం.

"ఆ గది ఖాళీ అన్నావుగా పొద్దున?"

"ఊఁ."

"మరి?"

"నవ్వింది కదే" అన్నాడు, నా వైపు చూడకుండా.

గుమ్మంలో వదిన చెప్పులు వేసుకుంటూ డాక్టరుతో అంటోంది. "ఆయన లేదన్నప్పుడే అనుకున్నానండీ, ఏదో ఉండే ఉంటుందని."

అన్నయ్య పత్రికలు ఎత్తి బల్ల మీద పెట్టాడు.