తెర వెనక నుంచి

"ఏమండీ, తాగేటప్పుడు అమ్మాయి మాట రానివ్వకండి. నాకెందుకో భయంగా ఉంది" అన్నాను, వేడి సలాకతో ఆయన గడ్డం ఉంగరాలు చుడుతూ.

"నీకు భయం లేనిదెప్పుడు? సలాక కాలుతుందని భయం, చల్లారుతుందని భయం. చెయ్యి కదపకు" అన్నారాయన.

మా ఆయన పేరు బగదాతు. రాజుగారి ఎదురుగా కూర్చుని సలహా చెప్పే మంత్రుల్లో ఒకరు. రాజధాని షూషనులో ఆ గడ్డం చూసి జనం పక్కకి తప్పుకుంటారు. దానికి రోజూ నూనె పట్టించి చుట్టేది నేను. మొన్న రాజుగారి విందులో రాణిగారు, పిలిస్తే రానన్నారు. ఏం చెయ్యమంటారని రాజుగారు అడిగితే, మంత్రులు ఆ తాగిన నోళ్లతోనే, ఆమెను తీసెయ్యండి, లేకపోతే దేశంలో ఏ పెళ్లామూ మొగుడి మాట వినదు అన్నారట. మావాళ్లు పెద్ద విషయమేదైనా తాగినప్పుడు మాట్లాడుకుంటారు, మర్నాడు మత్తు దిగాక మళ్లీ అడుగుతారు. అప్పుడు కూడా ఔనంటేనే తీర్మానం. రాణిగారి విషయంలో తెల్లవారేదాకా ఆగలేదు. రాజముద్ర పడిపోయింది. అది పడ్డాక రాజుగారు కూడా తిప్పలేరు.

తాగినవాళ్లకు తాము ఏమన్నారో పొద్దున్న గుర్తుండదు. మా ఇంట్లో అది గుర్తుపెట్టుకోవడం నా పని. వంట చూసుకుంటూ, వడ్డన పంపుతూ, తెర వెనక నుంచి విని మర్నాడు అప్పజెప్పాలి. పెళ్లైన కొత్తలో ఒకసారి నాకు తోచింది కూడా కలిపి చెప్పాను. "మేమేమన్నామో చెప్పు. నువ్వేమనుకున్నావో ఎవరడిగారు?" అన్నారాయన అందరి ముందూ. ఆ తర్వాత ఎప్పుడూ కలపలేదు.

మా అమ్మాయి అర్తిమా ఎక్బతానాలోని అత్తవారింటి నుంచి వచ్చేసి చలికాలం దాటింది. మొగుడు విరిచిన మణికట్టు అతుక్కుంది గానీ తిరగదు. పిస్తాలు ఎడంచేత్తోనే ఒలుస్తుంది. మళ్లీ పంపితే ఈసారి మెడే విరుస్తాడేమోనని నాకు నిద్ర పట్టదు.

ఆ సాయంత్రం మా ఇంట్లో మగవాళ్లంతా తాగడానికి కూర్చున్నారు, నేను భయపడ్డట్టే అయింది. మా మరిది వివాను గిన్నె ఎత్తి నవ్వుతూనే అంటించాడు. "అన్నయ్యా, రాణిగారినే గెంటించావు, కూతుర్ని మాత్రం ఒళ్లో కూర్చోబెట్టుకున్నావు. ఆ ఆజ్ఞ మా పెళ్లాలకేనా?"

అందరూ పకపకా నవ్వారు. మా ఆయన మొహం ఎర్రబడింది. "రేపే బండి కట్టిస్తా. అది మొగుడి దగ్గరికి పోతుంది" అన్నారు. తెర వెనక అర్తిమా నా చెయ్యి పట్టుకుంది. అవతలి నుంచి "రొట్టెలేవీ?" అని కేక. పంపించాను.

పొద్దున్నే అందరూ మొహాలు కడుక్కుని, తలలు పట్టుకుని కూర్చున్నారు.

"ఏమే, నిన్న ఏం తీర్మానించాం?" అన్నారాయన.

మాలో అబద్ధాన్ని మించిన పాపం లేదు. మగపిల్లలకి గుర్రం, విల్లుతో పాటు నిజం నేర్పిస్తారు. ఆడపిల్లలకి ఎవరూ ఏమీ నేర్పరు, అయినా ఇన్నేళ్లూ ఒక్క మాట మార్చలేదు నేను. ఇప్పుడు మారిస్తే? ఏ ఒక్కడికి గుర్తున్నా నాకూ పిల్లకీ కూడా నిలువ నీడ ఉండదు. తెర సందులోంచి ఒక్కొక్కరి మొహమే చూశాను. ఎవరి కళ్లూ ఇంకా సరిగా తెరుచుకోలేదు.

"నోరు పడిపోయిందా?" అన్నారాయన.

"వదినకి కునుకు పట్టినట్టుంది" అన్నాడు వివాను. ఎవరో దగ్గారు. అందరూ తెరవైపే చూస్తున్నారు. అర్తిమా నేల చూపులు చూస్తోంది.

"అమ్మాయిని పంపకూడదన్నారండీ" అన్నాను. "ముందుగా అన్నది మరిదిగారే."