ఏసీ కింద బకెట్

రోజూ పొద్దున్న తొమ్మిది కాకముందే అప్పాయమ్మ ఆఫీసు తాళం తీసి, కిటికీలు తెరిచి, టేబుళ్ళ కింద నీళ్ళు తుడిచేది. భీమవరంలో, ఉండి అనే ఊరికి వెళ్ళే రోడ్డు మీద సత్యనారాయణరాజు గారి రొయ్యల ఎగుమతి కంపెనీ ఆఫీసు అది. కింద ఐసు గోదాము, పైన అయిదు కంప్యూటర్లు. ఏ కంప్యూటర్లోంచి ఫైలు బయటికి వెళ్ళినా ఆ మిషన్ వెనకనించి కాసిని నీళ్ళు కారడం అక్కడ మామూలే. చిన్న మెయిల్ అయితే చెంచాడు, పెద్ద ఫైలైతే చెంబుడు. వెళ్ళినదాన్ని బట్టి ఆ నీళ్ళకి వాసన కూడా ఉండేది. మేత లెక్కలు పంపితే మేత వాసన, చెరువుల ఫొటోలు పంపితే బురద వాసన. కొత్తగా చేరినవాళ్ళకి అప్పాయమ్మ మొదటి రోజే చెప్పేసేది, "చెప్పులు పక్కన పెట్టుకోండమ్మా, తడిసిపోతాయి" అని. అంతకు మించి దాని గురించి ఎవరూ మాట్లాడుకునేవారు కాదు. నెట్ స్లోగా ఉందని మాత్రం రోజూ తిట్టుకునేవారు.

ఆ అయిదు కంప్యూటర్లకీ డాక్టరు, మంత్రసాని, కాటికాపరి అన్నీ వీరబ్రహ్మమే. యాభై రెండేళ్ళవాడు, పదిహేడేళ్ళుగా అక్కడే పని. ఎవరి మిషన్ మొండికేసినా అతను వచ్చి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, "ఏం నొక్కారో నిజం చెప్పండి" అనేవాడు. అతనికొక చిన్న గర్వం ఉండేది. ఇన్నేళ్ళలో తన మిషన్‌కి ఎప్పుడూ రోగం రాలేదని. దాన్ని తాను ఎప్పుడూ పరీక్ష చెయ్యలేదన్న సంగతి మాత్రం అతనికి తోచలేదు. అతని టేబుల్ మూలగా ఏసీ కింద ఉండేది. ఏసీ నీళ్ళు గోడ మీద కారుతున్నాయని మూడేళ్ళ కిందట మిషన్‌కీ గోడకీ మధ్య ఓ ఆకుపచ్చ బకెట్ పెట్టారు. అది అక్కడే ఉండిపోయింది.

మార్గశిర మాసంలో ఓ మంగళవారం, మధ్యాహ్నం భోజనాలయ్యాక రాజు గారు అతన్ని గదిలోకి పిలిచారు. ఎదురుగా కంప్యూటర్లో ఓ మెయిల్ ఉంది. రొయ్యలు కొనే విదేశీ కంపెనీ పంపినది.

"చదవండి బ్రహ్మం గారూ. నాకు సగం అర్థమైంది, సగం కాలేదు."

వీరబ్రహ్మం చదివాడు. మీ రైతుల ఆధార్ కాపీలు, చెరువుల కాగితాలు ఇంటర్నెట్‌లో ఎవరికి పడితే వాళ్ళకి దొరుకుతున్నాయి. మీ ఆఫీసులో ఏదో మిషన్‌లో ఫైళ్ళు పంచుకునే సాఫ్ట్‌వేర్ ఉంది, అది అనుమతి లేనిది. రేపు పదింటికి మా తరఫున లోకనాథ్ గారు వచ్చి తనిఖీ చేస్తారు. ఆయన చెప్పినదాన్ని బట్టి మీతో వ్యాపారం ఉంచాలో మానాలో చూసుకుంటాం. అదీ సంగతి.

"అంటే ఏంటండీ అది?" అన్నారు రాజు గారు.

"పాటలూ సినిమాలూ ఊరికే తెచ్చుకోడానికి వేసుకుంటారండీ. తెచ్చి పెట్టి ఊరుకోదది. మన మిషన్‌లో ఏ ఫోల్డర్ చూపిస్తే ఆ ఫోల్డర్ మొత్తం లోకానికి పంచిపెడుతుంది, రాత్రీ పగలూ."

"అయితే ఇంక వెతకడానికేముంది. సాయిదుర్గ టేబుల్ కింద రోజూ మడుగే కదా. చెవుల్లో ఎప్పుడూ పాటలే. రేపు ఆయన వచ్చేసరికి, తప్పు చేసిన పిల్లని పంపించేశాం అని చెబితే మనకి మర్యాదగా ఉంటుంది."

వీరబ్రహ్మానికి ఆ మాట మింగుడు పడలేదు. సాయిదుర్గ చేరి పదకొండు నెలలు. నరసాపురం అవతల సముద్రపు ఒడ్డున వేట చేసుకునేవాళ్ళ పిల్ల, రోజూ రెండు బస్సులు మారి వచ్చేది. స్కాన్ చేసిన కాగితాలన్నీ కొనేవాళ్ళకి పంపే పని ఆ అమ్మాయిదే, అందుకే ఆ టేబుల్ కింద అంత తడి. ఆ తడిలో దొంగది ఎంతో దొరది ఎంతో ఎవరు చెప్పగలరు?

"అయిదింటి దాకా టైమివ్వండి రాజు గారూ. చూసి చెబుతాను."

"అయిదంటే అయిదే" అన్నారాయన.

వీరబ్రహ్మం ఒక్కో మిషన్‌లోనూ ఏమేం సాఫ్ట్‌వేర్లు ఉన్నాయో జాబితా తీశాడు. లెక్కలు రాసే రమేష్ బాబు దాంట్లో జాతకాలు వేసే సాఫ్ట్‌వేర్ దొరికింది. అతని పక్క టేబుల్ శ్రీసత్య దాంట్లో తన పెళ్ళి ఫొటోలు నాలుగు వేలు దొరికాయి. రాజు గారి దాంట్లో పేకాట దొరికింది, దాన్ని వీరబ్రహ్మం చూడనట్టు వదిలేశాడు. సాయిదుర్గ దాంట్లో ఏమీ లేదు. పాటలు కూడా ఆ అమ్మాయి ఫోన్లోనే ఉన్నాయి.

సాయిదుర్గ కుర్చీ పక్కన నిలబడి చూస్తోంది. "నా ఉద్యోగం పోద్దాండీ?" అంది మెల్లిగా.

"ఎవరు చెప్పారమ్మా?"

"గది తలుపు సరిగ్గా పడదు కదండీ, అన్నీ వినబడతాయి. సార్, మా నాన్న పోయిన నెల్లోనే వేటకెళ్ళడం మానేశాడండి, చూపానటం లేదు. ఇంట్లో ఇప్పుడు బయటికెళ్ళే మనిషిని నేనొక్కదాన్నేనండి. దొంగదని పంపించేస్తే ఈ ఊళ్ళో ఇంకో ఆఫీసు మెట్లెక్కనిస్తారాండీ?"

ఎక్కనివ్వరు. వీరబ్రహ్మానికి తెలుసు. వెళ్ళి కిటికీ దగ్గర నించున్నాడు. అప్పుడతనికి తండ్రి గుర్తొచ్చాడు.

అతని తండ్రి కాలువ మీద లస్కరుగా చేశాడు. గట్టు వెంట నడుస్తూ నీళ్ళకి కాపలా కాయడం పని. గట్టు కింద నుంచి గొట్టం దూర్చి దొంగ తూములు పెట్టేవాళ్ళని పట్టడంలో ఆయన్ని మించినవాడు లేడు. కాలువ నిండుగా పారుతున్నన్నాళ్ళూ ఆయన తూముల జోలికే వెళ్ళేవాడు కాదు. వేసవిలో కాలువ కట్టేశాక, అంతా ఎండాక, గట్టు దిగి అవతల పొలాల వైపు నడిచేవాడు. అంతటా నెర్రెలు తీసి ఒక్కచోట మాత్రం నేల చెమ్మగా ఉంటే అక్కడ పార దింపమనేవాడు.

వీరబ్రహ్మం వెనక్కి తిరిగి చప్పట్లు కొట్టాడు.

"అందరూ చేతులు తీసెయ్యండి. మిషన్లు ఆపొద్దు, నెట్ ఆపొద్దు, కానీ ఎవరూ ఏమీ పంపొద్దు, మౌస్ కూడా ముట్టుకోవద్దు. అప్పాయమ్మ గారూ, నేలంతా పొడిగుడ్డతో తుడిచెయ్యండి."

అప్పాయమ్మ చుక్క తడి లేకుండా తుడిచింది. అందరూ కాళ్ళు కుర్చీల మీదికి లాక్కుని కూర్చున్నారు. రాజు గారు కూడా గదిలోంచి వచ్చి ఓ కుర్చీలో మఠం వేసుకున్నారు. అరగంట సేపు ఆఫీసంతా పురాణానికొచ్చినట్టు కూర్చుంది. సాయిదుర్గ మాత్రం కళ్ళు మూసుకుని వేళ్ళు లెక్కపెట్టుకుంటోంది.

అరగంట అయ్యాక వీరబ్రహ్మం మోకాళ్ళ మీద వంగి ప్రతి టేబుల్ కిందా అరచెయ్యి ఆనించి చూశాడు. సాయిదుర్గ టేబుల్ కింద పొడి. రమేష్ బాబుది పొడి. శ్రీసత్యది, రాజు గారిది కూడా పొడే. మాట వస్తుందని తన టేబుల్ కింద కూడా చూశాడు. అక్కడా నేల పొడిగానే ఉంది, బకెట్ దాని చోట అది ఉంది.

"ఏం తేలిందండీ?" అన్నారు రాజు గారు.

"ఎవరి దగ్గరా తడి లేదండీ."

"పరీక్ష అనగానే తీసేసి ఉంటుంది. ఈ కాలం పిల్లలకి తెలివి తక్కువా?" అని ఆయన లేచి గదిలోకి వెళ్ళిపోయారు. సాయిదుర్గ బ్యాగు సర్దుకోవడం మొదలుపెట్టింది. ఏడవలేదు. అన్నం డబ్బా, గొడుగు, బస్ పాస్ ఒక్కొక్కటే లోపల పెట్టుకుంటోంది.

నాలుగున్నరకి మొక్కలకి నీళ్ళు పొయ్యడం అప్పాయమ్మ అలవాటు. బకెట్ తియ్యడానికి వీరబ్రహ్మం టేబుల్ వెనక్కి వచ్చి, అక్కడే నిలబడిపోయింది.

"బ్రెమ్మం గారండీ" అంది, అతనికి మాత్రమే వినబడేలా. "కార్తీకం వెళ్ళిన కాణ్ణించి ఏసీ ఎయ్యట్లేదు కదండీ?"

"లేదు. చలి కదా."

"మరి ఈ బకెట్టు రోజుకి రెండుసార్లు పారబోత్తన్నానండి నేను."

వీరబ్రహ్మం ఆ బకెట్ వైపు చూశాడు. ముప్పాతిక నిండి ఉంది. అతను చూస్తుండగానే మిషన్ వెనకనించి ఓ బొట్టు జారి అందులో పడింది. వంగి వాసన చూశాడు. మేత వాసన కాదు, బురద వాసనా కాదు. నాటకాల వాళ్ళు మొహానికి రాసుకునే పౌడరు వాసన. దాని అడుగున, తడిసిన కాగితాల వాసన.

ఆ వాసన ఎక్కడిదో అతనికి తెలిసిపోయింది.

మూడేళ్ళ కిందట రాజు గారి నాన్నగారు, పెద్దరాజు గారు, మంచం పట్టారు. చిన్నప్పుడు తణుకులో ఓ రాత్రి విన్న నాటక పద్యాలు మళ్ళీ ఒక్కసారి వింటే చాలని కలవరించేవారు. ఆ పాడినాయన ఎప్పుడో పోయాడు, రికార్డు ఏ కొట్లోనూ లేదు. "ఎలాగైనా తెచ్చిపెట్టండి బ్రహ్మం గారూ" అన్నారు రాజు గారు. వీరబ్రహ్మం ఎక్కడెక్కడో వెతికి, చివరికి ఫైళ్ళు పంచుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి వేసుకుని పట్టుకొచ్చాడు. అది ఏవేవో అడిగింది. అన్నిటికీ ఎస్ అని, నెక్స్ట్ అని నొక్కుకుంటూ పోయాడు. ఎక్కడ పెట్టమంటావు అంటే ఎదురుగా కనబడ్డ 'రైతులు' ఫోల్డర్ చూపించాడు. తర్వాత దాని సంగతే మర్చిపోయాడు.

మిషన్ తెరిచి చూశాడు. ఉంది. గడియారం పక్కన ఓ మూల చిన్న గుర్తుగా మూడేళ్ళ నుంచీ పద్యాలతో పాటు మూడు వందల మంది రైతుల కాగితాలని పంచిపెడుతూనే ఉంది. ఏం నొక్కారో నిజం చెప్పండి అని ఊరందరినీ అడిగిన మనిషి అతనే.

తీసెయ్యడానికి రెండు నిమిషాలు చాలు. బకెట్ కిటికీలోంచి గుమ్మరిస్తే సరి. అప్పాయమ్మ ఎవరికీ చెప్పదు, చెప్పినా వినేవాళ్ళు లేరు. కూతురి చదువు ఇంకా రెండేళ్ళుంది. ఈ వయసులో ఇంకెవరు పని ఇస్తారు? అతని చెయ్యి మౌస్ మీదికి వెళ్ళింది. అవతల సాయిదుర్గ బ్యాగు జిప్పు లాగుతున్న చప్పుడు వినబడింది.

వీరబ్రహ్మం మౌస్ వదిలేశాడు. రెండు చేతులతో బకెట్ ఎత్తుకుని, తొణక్కుండా నడుచుకుంటూ వెళ్ళి రాజు గారి టేబుల్ మీద పెట్టాడు.

"ఇదేంటండీ?"

"దొరికిందండీ. నాదే."

రాజు గారికి అర్థం కాలేదు. వీరబ్రహ్మం అంతా చెప్పాడు. ఎక్కడా తగ్గించలేదు, ఎవరినీ ఇరికించలేదు, మీరు అడిగితేనే కదా అని కూడా అనలేదు. చెప్పడం అయ్యేసరికి మధ్యాహ్నం నుంచీ గుండెల మీదున్న బరువు దిగిపోయింది. ఉద్యోగం పోతే పోనీ అనిపించింది.

రాజు గారు కుర్చీ ముందుకి జరుపుకున్నారు. బకెట్ మీదికి వంగి వాసన చూశారు. మళ్ళీ చూశారు.

"నాన్నగారు ఆ పద్యాలు వింటూ చేత్తో తాళం వేశారండీ. నాలుగు నెలలుగా ఎత్తని చెయ్యి అది." ఆయన కళ్ళు తుడుచుకున్నారు. "తెమ్మన్నది నేను. ఎలా తెచ్చారని ఒక్కనాడూ అడగలేదు. పైగా ఆ పిల్లని..." అని ఆగి, తలుపు వైపు తిరిగి, "అమ్మా సాయిదుర్గా, ఇలా రా" అని పిలిచారు.

బ్యాగు భుజానికి తగిలించుకునే వచ్చింది. రాజు గారు లేచి నిలబడ్డారు. "నీ మీద తప్పు మాట అన్నానమ్మా. మనసులో పెట్టుకోకు. బ్యాగు లోపల పెట్టుకుని రా, లోకనాథ్ గారికి జరిగిందంతా కాగితం మీద రాసివ్వాలి."

సాయిదుర్గ అప్పుడు ఏడ్చింది, అప్పాయమ్మ భుజం మీద తల పెట్టుకుని.

తీసేసే ముందు ఆ పద్యాలు ఒక్కసారి పెట్టమన్నారు రాజు గారు. అందరూ విన్నారు. పద్యం ఆగాక వీరబ్రహ్మం ఆ సాఫ్ట్‌వేర్ తీసేశాడు. మిషన్ వెనక బొట్టు సగంలోనే నిలిచి, కాసేపటికి ఆరిపోయింది.

మర్నాడు పదింటికి లోకనాథ్ గారు వచ్చారు. ఏం దొరికింది, ఎప్పటి నుంచి ఉంది, ఎవరు వేశారు, ఏమేం బయటికి పోయాయి అన్నీ రాసిన కాగితం రాజు గారు ఆయన అడక్కముందే చేతిలో పెట్టారు. ఆయన రెండుసార్లు చదివి కళ్ళజోడు తీశారు.

"దీన్ని పట్టుకున్నది ఎవరండీ?"

"నేనేనండీ. పెట్టిందీ నేనే" అన్నాడు వీరబ్రహ్మం.

లోకనాథ్ గారు నవ్వేశారు. "ఏ ఆఫీసుకెళ్ళినా పని మానేసి వెళ్ళిపోయిన కుర్రాడి మీదే చెబుతారండీ నాకు. మీ దగ్గర అలాంటి కుర్రాడు లేడా?"

ఆయన సాయంత్రం దాకా అన్ని మిషన్లూ చూసి రెండు షరతులు రాసి వెళ్ళారు. కాగితాలు బయటపడ్డ రైతులందరికీ స్వయంగా చెప్పి, జాగ్రత్తలు రాసి ఇవ్వాలి. ఇకమీదట నెలనెలా ఎవరి మిషన్‌ని వాళ్ళు కాక వేరేవాళ్ళు తనిఖీ చెయ్యాలి. వ్యాపారం నిలిచింది. రాజు గారూ వీరబ్రహ్మమూ పన్నెండు రోజులు ఊరూరూ తిరిగి రైతులకి చెప్పుకున్నారు. కొందరు తిట్టారు, తిట్టాక మజ్జిగ ఇచ్చారు.

మరుసటి నెల ఒకటో తారీఖున సాయిదుర్గ జాబితా కాగితం పట్టుకుని వీరబ్రహ్మం టేబుల్ దగ్గరికి వచ్చింది.

"లేవండి సార్. ఏం నొక్కారో నిజం చెప్పండి."

ఆఫీసంతా నవ్వింది. వీరబ్రహ్మం లేవలేదు. కాళ్ళు కుర్చీ మీదికి లాక్కుని, పరీక్ష ఫలితాలు చూసే పిల్లాడిలా కూర్చున్నాడు. సాయిదుర్గ ఒక్కో పేరూ చదివి టిక్కు పెట్టుకుంది. ఆ తర్వాత మోకాళ్ళ మీద వంగి, మిషన్ వెనక, బకెట్ ఉండిన చోట అరచెయ్యి ఆనించింది. చాలాసేపు అలాగే ఉంచింది.

"పొడిగా ఉందండీ" అంది లేస్తూ.

వీరబ్రహ్మం మెల్లిగా కాళ్ళు కిందికి దించి, ఉత్త పాదాలు నేల మీద ఆనించాడు.