మామ దీవించి కట్టిన అంటు

రెహులీనా నిమ్మాకుని ఎండకెత్తి చూసింది. ఈనెల వెంట తెల్లటి గీతలు, తెగిన దారపు ముక్కల్లా! ఇంకో ఆకు తెంపింది. అవే గీతలు. ఇంకో మొక్క. అక్కడా అవే!

వల కప్పిన నెట్‌హౌస్‌లో ఉన్న కమలా తల్లిచెట్ల కన్నులు, అంటే చిగురించే మొగ్గలు, తీసి ఏటా ఇలాగే నిమ్మ మొక్కలకి అంటుకట్టి చూస్తుంది. కమలా చెట్టు వైరస్‌ని కడుపులో పెట్టుకుని ఏమీ ఎరగనట్టు పచ్చగా నవ్వగలదు. నిమ్మ దాచలేదు, ఆకుల మీద బయటపెట్టేస్తుంది. ఈసారి ఒక తల్లిచెట్టు గుట్టు రట్టయింది. రేపేమో అధికారులు వస్తారు, ఆ చెట్టు కన్నులతో జంబేరి అనే మోటు నిమ్మ వేళ్ళ మీద కట్టిన మొక్కలన్నిటికీ రోగం లేదని ధ్రువీకరణ చీటీలు కడతారు. లోయలో జనం ఎండిపోయిన తోటలు పీకేసి, గుంటలు తవ్వుకుని వీటికోసమే కూర్చున్నారు.

"వల ఎక్కడైనా చిరిగిందా?" అడిగింది.

"నీ మీదొట్టు, ఎక్కడా చిరగలేదు. రోగం మోసే పేనుబంక ఒక్కటి కూడా లేదు," అన్నాడు మొగుడు మలెం.

మరెలా వచ్చింది? రెహులీనా ఆ తల్లిచెట్టు చుట్టూ మోకాళ్ళ మీద పాకింది. వెనకవైపు కింది కొమ్మకి ఎర్రటి గుడ్డపేలిక! విప్పితే, చక్కగా అతుక్కుపోయిన కన్ను, దాని నుంచి లేత రెమ్మ. అంటు! తను కట్టనిది!

ఆ ఎర్రగుడ్డ ఎవరిదో ఆమెకి తెలుసు. మేనమామ సబర్ తరిగాన్ పండగలకి భుజాన వేసుకునే శాలువా అంచు అది.

కారో తెగవాళ్ళ ఇళ్ళల్లో మేనమామంటే కళ్ళెదుట కనిపించే దేవుడు. ఆయన ఇచ్చింది కాదనకూడదు. కట్టింది విప్పకూడదు. ఆయనే తీసెయ్యాలి. అందుకే కబురు పెట్టింది.

మామ తమలపాకు నములుతూ హుషారుగా వచ్చాడు. "ఏమే, చదువుకున్నదానివి, చేప కాలిందా లేదా అన్నట్టు ఆకుని తిప్పితిప్పి చూస్తున్నావు?"

"మామా, ఇది నువ్వు కట్టావా?"

"నేను కాక ఇంకెవరు కడతారు? కిందటి పండగనాడు మీరంతా వంటల గోలలో ఉన్నారుగా, అప్పుడు. మా తోటలో అన్నీ ఎండి చచ్చినా ఒక్కటే నిలబడింది చూడు, పెద్ద చెట్టు, దాని కన్ను! దీవెనే పిల్లా. చెబితే వద్దంటావేమోనని చెప్పలేదు."

రెహులీనా ఇంకో ఆకు తెంపింది. దాన్ని ఆయన కళ్ళెదుట ఎండకి పట్టింది. "గీతలు కనిపిస్తున్నాయా మామా? ఇది చెట్ల మాయరోగం. నీ కన్నులోంచి వచ్చింది."

"నోర్ముయ్! నా చెట్టుకి రోగమా? పోయినేడు కొమ్మలకి ఊతకర్రలు పెట్టాల్సొచ్చింది, అంత కాపు!"

"అది జంబేరి వేరు మీద ఉంది మామా. ఆ వేరు తట్టుకుంటుంది. చుట్టూ నువ్వు వేసినవన్నీ పుల్లనారింజ వేరువి. ఆ వేరు తట్టుకోలేదు. పెద్ద చెట్టు మీది పేనుబంక వాటి మీద వాలి..."

మామ తమలపాకు నమలడం ఆపేశాడు.

"అంటే," అన్నాడు, "నా తోటని చంపింది అదేనా? ఆ చెట్టుకేనా నేను ఏటా కోడిని కోసి మొక్కుకుంది?"

మామ రంపం అడిగాడు. మలెం ఇవ్వడానికి జంకితే తనే లాక్కున్నాడు. కొమ్మతో ఆగలేదు, తల్లిచెట్టుని మొదలంటా కోశాడు. కోస్తున్నంతసేపూ నోట్లో ఏదో గొణుగుతూనే ఉన్నాడు.

రెహులీనా వరసల్లో నిలబడ్డ మొక్కల వైపు చూసింది. ఎంత పచ్చగా ఉన్నాయి! ఆ చెట్టు కన్నులతో కట్టినవన్నీ మంటల్లోకే. గుంటలు తవ్వుకున్నవాళ్ళకి ఏం మొహం చూపిస్తుంది? అయినా ఫోన్ తీసి అధికారికి కలిపింది.

"ఆగవే," మామ రంపం కిందపెట్టి అక్కడే కూలబడ్డాడు. "నీ ఒక్కదానికే ఇచ్చాననుకున్నావా? నాకు మేనకోడళ్ళు ఎంతమంది! ప్రతి పెళ్ళికీ, ప్రతి కొత్తింటికీ ఆ చెట్టు కన్నే తీసుకెళ్ళాను. నా చేత్తోనే కట్టాను."

ఫోన్లో అధికారి "హలో, చెప్పండమ్మా" అంటున్నాడు.

మామ ఊళ్ళ పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు. ఆగట్లేదు.