ఊట దారికి అడ్డుకంచె

ఈస్టర్‌కి ముందొచ్చే పెద్ద ఉపవాసాలు మొదలయ్యే ముందు ఆదివారం. జున్ను, గుడ్లు తినడానికి అదే ఆఖరి రోజు. ఆ సాయంత్రం మా కొండ ఊళ్ళో చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ ముందు తలవంచి "క్షమించు" అనాలి, పెద్దవాళ్ళు "దేవుడు క్షమిస్తాడు" అనాలి. అంతే, ఏడాది పాపం కడిగేసుకున్నట్టే. నాకు అరవై ఆరేళ్ళు, చర్చిలో కొవ్వొత్తులు అమ్ముతాను. ఈ తంతు ఎన్ని వందలసార్లు జరిపించానో నాకే తెలియదు.

మెతోడీ మా చర్చి పెద్ద. రెండేళ్ళ క్రితం మేకల దొడ్డి కట్టుకుని, ఊటకి వెళ్ళే కాలిబాటకి అడ్డంగా ముళ్ళకంచె వేశాడు. పై వాడలో కుళాయి లేని ఇల్లు ఒక్కటే, రైనా పెద్దమ్మది. ఆవిడకి డెబ్భై తొమ్మిదేళ్ళు, ఒక మోకాలు వంగదు. నూరడుగుల దూరంలో ఉన్న ఊట కోసం ఇప్పుడు కొండంతా చుట్టి వస్తోంది. ఈ చలికాలం మంచులో రెండుసార్లు పడింది.

ప్రార్థన అయ్యాక మెతోడీ నా ముందుకొచ్చి వంగాడు.

"త్సోనక్కా, తెలిసీ తెలియక ఏమన్నా తప్పు చేస్తే క్షమించు."

'దేవుడు క్షమిస్తాడు' అని నిరుడూ అనేశాను, అంతకుముందూ అనేశాను. ఈసారి నాలుక తిరగలేదు.

"ఏం తప్పు చేశావు మెతోడీ?"

"అదేంటక్కా, మాటవరసకి అంటాం కదా."

"మాటవరసకైతే ఇంటికెళ్ళి మీ మేకలకి చెప్పుకో. నాకేం చేశావు నువ్వు? కంచె వేసింది రైనా పెద్దమ్మ దారికి. ఆవిడ నీకన్నా పెద్దది. తల వంచాల్సింది ఆ గడపలో. ఒక్కసారైనా వెళ్ళావా?"

వెనక వరుసలో అందరూ దగ్గడం మొదలుపెట్టారు. ఎఫ్తిమ్ ఫాదర్ గబగబా వచ్చాడు.

"ఆ ఒక్క మాటా అనేయమ్మా త్సోనా. ఇళ్ళల్లో జున్ను రొట్టెలు చల్లారిపోతున్నాయి."

"చల్లారనివ్వండి ఫాదర్! దేవుని రాజ్యం రావాలి రావాలి అని ప్రతి ఆదివారం గొంతు చించుకుంటాం. ఏ దారిన వస్తుంది? అడ్డంగా ముళ్ళకంచె ఉంది కదా!"

మెతోడీ మొహం జేవురించింది. "స్థలం నాది, కాగితాలున్నాయి. ఉపవాసం ముందు నోరు పారేసుకుంటున్నావు. ఆ పాపం నీకే."

"నాకే రానీ. నేను మోస్తాను. ఆవిడ నీళ్ళు మోసినట్టే!"

చర్చిలోంచి విసవిసా బయటికొచ్చాను. నడుస్తుంటే ఒకటి తట్టింది. క్షమించే హక్కు రైనా పెద్దమ్మది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు రెండేళ్ళూ దాన్ని పంచిపెట్టింది నేను. నేను క్షమించిన ప్రతిసారీ ఆ కంచెకి ఇంకో ఏడాది ఆయుష్షు పోశాను.

ఈ రోజు పెద్దవాళ్ళకి ఇచ్చే హల్వా పొట్లం పట్టుకుని నేరుగా ఆవిడ ఇంటికే వెళ్ళాను. పొయ్యి పక్కన కూర్చుని చిక్కుడు గింజల్లో రాళ్ళు ఏరుతోంది. తల వంచాను.

"పెద్దమ్మా, క్షమించు. వాడికి ఇన్నాళ్ళూ నేనే తలూపాను. ఇవాళ మాత్రం అందరి ముందూ కడిగిపారేశాను."

నిజం చెప్పాలంటే, మెచ్చుకుంటుందనే వెళ్ళాను.

"బాగా తిట్టావా?"

"బాగా తిట్టాను."

"మంచిపని. మీ ఇంట్లో కుళాయి ఉంది కదే?"

"ఉంది పెద్దమ్మా."

"రెండేళ్ళలో ఒక్క బిందెడు నీళ్ళు పంపావా?"

నా మీద నాకే ఒళ్ళు మండింది. ఆవిడ 'దేవుడు క్షమిస్తాడు' అంటుందేమోనని అలాగే వంగి నిలబడ్డాను. అనలేదు. గింజల పళ్ళెం పక్కన పెట్టి, ఖాళీ బిందె నా వైపు తోసింది.

"దేవుడి సంగతి తర్వాత చూద్దాం. ముందు నీళ్ళు పట్టుకురా."

మా ఇంటి కుళాయి దగ్గరికి పోవడానికి మనసొప్పలేదు. ఆవిడ వెళ్ళే దారినే, కొండ చుట్టూ బయల్దేరాను. సగం దూరం వెళ్ళేసరికి మెతోడీని తిట్టడానికి కూడా ఊపిరి మిగల్లేదు.