బోరులోని ఇటలీ అయ్యవారు

మధ్యాహ్నం సంగటి తిని చెయ్యి కడుక్కున్నాక రామలక్ష్మమ్మ చేటనిండా శెనక్కాయలు పోసుకుని బోరు దగ్గరికి పోయి కూర్చుంటుంది. అది రోజూ ఉండేదే. తనకల్లు ఊరి పక్కన ఆమె మొగుడు ఎర్రిస్వామి చేలో వేయించిన బోర్లలో అదే కడపటిది. మిగతావాటిలో దుమ్ము వచ్చింది, ఇందులో పాట వచ్చింది. వచ్చినదానితో సరిపెట్టుకోవడం అక్కడివాళ్లకు అలవాటే కాబట్టి ఎవరూ నోరు వెళ్లబెట్టలేదు. గొర్రెలు తోలుకుపోయేవాళ్లు కాసేపు నిలబడి, "ఈ పొద్దు గొంతు బాగుండాది" అని తమ దోవన తాము పోయేవారు.

అది ఏ భాషో చెప్పింది ఎలిజబెత్ సిస్టరు. చర్చి పక్కన ఉండే ముసలి నర్సు. వయసులో ఉండగా ఇటలీలో కన్యాస్త్రీల ఆసుపత్రిలో చాలా ఏళ్లు పనిచేసింది. గొట్టానికి చెవి ఆనించి, కింద ఉన్నది ఒక సంగీతం అయ్యవారని తేల్చింది. వాళ్ల దేశంలో మాటలన్నీ పాటలుగానే సాగే నాటకాలు ఉంటాయి, వాటికి బాణీలు కట్టినవాడు. రాసుకుంటూ తన కథంతా తనలో తాను గొణుక్కునేవాడు, ఆమె గొట్టం దగ్గర వినేది. పేరొచ్చాక పెళ్లి చేసుకున్నాడు. ఆ ఇల్లాలు ఆయాసంతో చిన్న వయసులోనే పోయింది. ఆ గడియలో ఆయన పక్కగదిలో పాట కట్టుకుంటున్నాడట. అప్పట్నుంచీ ఏ నాటకం కట్టినా చివరి అంకంలో ఆడమనిషి చావవలసిందే. కడపటి నాటకం సగంలో ఉండగా తానూ పోయాడు. ఇప్పుడు కింద కూర్చుని దాన్నే పూర్తి చేస్తున్నాడు.

ఆ నాటకంలో పిల్ల నవ్వితే రామలక్ష్మమ్మ చేటలో గింజలు చెదిరేలా నవ్వేది. ఇన్నేళ్ల కాపురంలో ఆమె అలా నవ్వగలదని ఎర్రిస్వామికి తెలియనే తెలియదు. ఆ పిల్ల ఎవరినో మెచ్చిందని ఈమె తలలో కనకాంబరాలు పెట్టుకుంది. ఆ తర్వాత ఆ పిల్లకు ఆయాసం పట్టుకుంది, రామలక్ష్మమ్మకూ పట్టుకుంది. కదిరి డాక్టరు మందులిచ్చాడు. అనంతపురం డాక్టరు ఎక్స్‌రేలు తీసి ఏమీ లేదన్నాడు. ఏమీ లేని జబ్బుతో మనిషి మంచానికి అంటుకుపోయింది. అయినా మధ్యాహ్నమయ్యేసరికి మంచాన్ని బోరు దగ్గర వేయమనేది.

"మూడో అంకం అయిపోయింది ఎర్రిసామీ," అంది ఎలిజబెత్ ఒకనాడు. "రేపు కడపటిది మొదలుపెడతాడు."

"చంపుతాడా?"

"ఆయప్పకు ఇంకోటి చేతగాదు నాయనా."

"వద్దని చెప్పు సిస్టరమ్మా, ఆ భాషలోనే చెప్పు."

"చెప్తానే ఉండా. రాసేటప్పుడు ఆయప్పకు మాటలు యినపడవు. పాటొక్కటే యినపడేది."

ఎర్రిస్వామి ఒకప్పుడు వీధినాటకాలకు హార్మోనియం వాయించేవాడు. ఒకసారి కునుకుపట్టి, ఉలిక్కిపడి లేచి, రాక్షసుడు ఇంకా చావకముందే మంగళం ఎత్తుకున్నాడు. మంగళం పాడినాక కిరీటం పెట్టుకోకూడదు. చచ్చినవాళ్లూ చంపినవాళ్లూ వరసగా వచ్చి హారతికి నిలబడాలి. నాటకం అక్కడే ముగిసింది. మీ ఊళ్లో రాక్షసుడు ఇంకా బతికే ఉన్నాడా అని పక్క ఊరివాళ్లు ఎగతాళి చేస్తుంటే, ఆ సిగ్గుకు హార్మోనియం అటక ఎక్కించి మళ్లీ ముట్టలేదు.

ఆ సాయంత్రం దాన్ని దించి దుమ్ము దులిపాడు.

మర్నాడు మధ్యాహ్నం బోరులో పాట సన్నగా మొదలైంది. పిల్ల గొంతు పైకి లేచి, అక్కడ తెగి, మళ్లీ లేచింది. మంచంలో రామలక్ష్మమ్మకు ఎగశ్వాస వచ్చింది. ఎర్రిస్వామి గొట్టం పక్కన హార్మోనియంతో చతికిలబడి మంగళం ఎత్తుకున్నాడు. శ్రుతి తప్పి, ఏడుస్తూ పాడాడు.

కింద పాట తడబడి ఆగింది. తర్వాత ఎన్నో అడుగుల చప్పుడు, గౌనుల గరగర. ఆయన నాటకాలన్నిట్లో చచ్చిపోయిన ఆడవాళ్లంతా లేచి వచ్చి వరసగా నిలబడుతున్నారు. ఎలిజబెత్ కర్పూరం వెలిగించి గొట్టం మీద తిప్పింది. లోపల ముసలాయన ఎవరినో పేరుపెట్టి పిలిచి, వెక్కుతూ ఏదో అన్నాడు.

"ఏమంటాండాడు?" అన్నాడు ఎర్రిస్వామి.

"ఇట్ల గూడా ముగించొచ్చని నాకెవరూ చెప్పలేదే అంటాండాడు."

ఆ తర్వాత బోరు మళ్లీ పలకలేదు.

రామలక్ష్మమ్మకు ఆ పొద్దే ఆయాసం పోయింది. వారం తిరక్కముందే సంగటి కెలకడానికి లేచింది. వాన మాత్రం రాలేదు. ఇప్పటికీ మధ్యాహ్నం చేట పట్టుకుని బోరు దగ్గరే కూర్చుంటుంది. ఆమె బతికినందుకు ఎర్రిస్వామికి కొండంత సంతోషం, ఆమె మొహం చూస్తే అంత దిగులు.

"ఆ పిల్ల ఇప్పుడేం చేస్తాంటాదంటావ్?" అని అడిగింది ఒకరోజు.

"శెనక్కాయలు ఒలుస్తాంటాది," అన్నాడు, నవ్వుతుందేమోనని.

"అయితే పాడదులే," అని ఇంకో కాయ ఒలిచింది.