కొండ గుర్తు టైర్లు

చిక్కబళ్ళాపురంలో టైరు కొనేవాడెవడైనా కోదండరామ బొటనవేలి గోటిని నమ్మాల్సిందే. బజారు వీధి చివర ముప్పై ఏళ్లుగా ఆయనది టైర్ల అంగడి. ఏ టైరు వచ్చినా ముందు దాని రబ్బరులో గోరు గుచ్చి చూస్తాడు. గోరు దిగిందా, రబ్బరు తాజాది, రోడ్డును పట్టుకుంటుంది. దిగలేదా, ఎండి పాతబడింది, వెనక్కి పంపించెయ్. ఇంతే ఆయన శాస్త్రం. ఇన్నేళ్లలో అది ఒక్కసారి కూడా తప్పలేదని ఆయనే చెప్పుకుంటాడు. కాదనే మనిషి అంగట్లో లేడు, ఇంట్లో అంతకన్నా లేడు. ఈయన పట్టిన కుందేటికి మూడే కాళ్లని భార్య సులోచనమ్మ పెళ్లయిన ఏడాదికే తెలుసుకుని ఊరుకుంది.

అలాంటాయనకు స్పోర్ట్స్ కారున్న అల్లుడు దొరికాడు. దర్శన్‌ది పక్కనే ఉన్న చింతామణి ఊరు, తాతల నాటి నుంచీ బెల్లం మండీ. పిల్లవాడు నిదానస్తుడు, పెద్దల ముందు గొంతెత్తడు. ఒక్కటే పిచ్చి. బెంగళూరులో ఎవరో వాడి అమ్మేసిన ఎర్రటి రెండు సీట్ల కారు కొన్నాడు. అది నేలకు జానెడు ఎత్తు. అందులో కూర్చోవాలంటే ముందు తల దించాలి, తర్వాత నడుం దించాలి, ఆపైన దేవుడి మీద భారం వేయాలి.

"దీంట్లో సామాన్లు యాడ పెడతావప్పా?" అని కోదండరామ అడిగితే అల్లుడు నవ్వేశాడు.

ఆ కారు టైర్లు అరిగిపోయాయి. ఆ సైజు మన పక్క దొరికేది కాదు. మామ ఊరుకుంటాడా? తన అల్లుడు ఇంకొకరి అంగట్లో టైరు కొనడమంటే ఊళ్లో తలెత్తుకోవడమెట్లా? వారం రోజులు ఫోన్లు చేసి చేసి, విదేశీ సరుకు అమ్మే ఒకతని దగ్గర్నుంచి నాలుగు టైర్లు తెప్పించాడు. గోరు గుచ్చాడు. వెన్నలో దిగినట్టు దిగింది. పైగా లోతైన గాడులు, ఆ గాడుల మధ్య కత్తితో గీసినట్టు సన్నని చీలికలు. పక్కన మూడు శిఖరాల కొండ బొమ్మ, అందులో చిన్న ముగ్గు. కంపెనీ గుర్తేమో, ముద్దుగా ఉందనుకున్నాడు. తన చేతులతోనే బిగించి, "వానకి ఇంతకన్నా మంచి టైరు ఉండదప్పా, కండ్లు మూసుకొని తోలు" అన్నాడు. టైరు మీద అంటించిన, అదే కొండ గుర్తున్న కాగితాన్ని ఒలిచి, అరుదైన సరుకు వచ్చినప్పుడల్లా చేసినట్టే గోడకు అంటించుకున్నాడు.

ఇది జరిగిన రెండు వారాలకు, ఆదివారం పొద్దున, కూతురు చైత్రా, అల్లుడూ చింతామణి నుంచి వచ్చారు. ఇడ్లీలు తిని, మిట్టేమరిలో పెద్దమ్మ అక్కయమ్మ భోజనానికి పిలిచిందని బయలుదేరారు. హైవే మీద బాగేపల్లి వరకు పోయి అక్కడ తిరగాలి. వాళ్లు వెళ్లిన పావుగంటకు మబ్బు కమ్మి వాన అందుకుంది.

ఆ వానలోనే గంగాధరప్ప తన పాల వ్యాను తీసుకుని అంగడికి వచ్చాడు. మండికల్ ఊరి మనిషి. పటాలంలో డ్రైవరుగా పదేళ్లు లడఖ్ కొండల్లో బండ్లు తోలి వచ్చి, ఇప్పుడు ఆవులు మేపుకుంటున్నాడు. వ్యాను టైరుకు పంక్చరు వేస్తుంటే ఊరికే నిలబడి గోడకేసి చూశాడు.

"కోదండరామప్పా, ఈ కొండ గుర్తు టైర్లు ఎవురికేసినావు?"

"మా అల్లునికి. ఫారిన్ సరుకు. గోరు గుచ్చితే ఎట్ల దిగిందనుకున్నావు."

"దిగకేం చేస్తాది. అవి మంచు టైర్లు గదప్పా, కొండలో ఆ ముగ్గు మంచుకి గుర్తు. గడ్డకట్టే చలిలో గూడా రాయి మాదిరి కాకుండా ఉండల్లని మెత్తగా చేసింటారు. మా పెద్దాఫీసర్ల బండ్లకి చలికాలం ఏసి, ఎండలు రాంగానే ఇప్పేస్తాంటిమి."

"మెత్తగుంటే మంచిదే గదా?"

"చలిలో మంచిది. మన వేడికి మరీ మెత్తబడి, బండి బరువుకి గాడుల మధ్య రబ్బరు తుంటలు పక్కకి వొరుగుతాయి. తడి రోడ్డు మీద బ్రేకు కొడితే నిలబడల్సిన చోట నిలబడదు. లారీకైతే ఏమో అనుకోవచ్చు. జోరుగా పొయ్యే కారుకి చానా మోసం."

కోదండరామ వెంటనే జేబులోంచి ఫోన్ తీశాడు. చైత్రకు చేశాడు. ఎత్తింది సులోచనమ్మ. "అమ్మణ్ణి ఫోను చార్జింగుకి పెట్టి మరిసిపోయింది" అంది. దర్శన్‌కు చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. కారు నడిపేటప్పుడు అల్లుడు ఫోన్ ముట్టడు. ఆ మంచి గుణాన్ని ఊరంతా చెప్పుకుని మురిసినవాడు తానే. కళ్లు మూసుకుని తోలమని చెప్పినవాడూ తానే. గోరు చూసుకుని మురిసిపోయిన వెధవా తానే.

అంగట్లో ఎవరికీ ఏమీ చెప్పకుండా తన పాత మారుతి వ్యాను తీసుకుని హైవే ఎక్కాడు. అద్దం తుడిచే కర్రలు ఎంత కొట్టుకున్నా దారి సగమే కనిపిస్తోంది. పక్క నుంచి కార్లు నీళ్లు చిమ్ముకుంటూ దూసుకుపోతుంటే, ఆ ఎర్ర కారు కూడా ఇట్లాగే పోతూ ఉంటుందనే తలపు వచ్చి, కాలు ఇంకా గట్టిగా నొక్కాడు. టైర్ల సంగతి ఆయనకు తెలియనిది కాదు. ఇంత వానలో, వందలో పోయే బండి ఆగాలంటే మంచి టైర్లకే ఎంత దూరం పడుతుందో లెక్క కట్టగలడు. ఇప్పుడు ఆ లెక్క వద్దనుకున్నా ఆగడం లేదు. ఉన్న దేవుళ్లందరికీ మొక్కాడు. ఉన్నది ఒక్కగానొక్క కూతురు.

పేరేసంద్ర దాటి రెండు కిలోమీటర్లు పోయాక ఎర్ర కారు కనబడింది. రోడ్డు దిగి, మూతి బురదలో పెట్టి, అడ్డంగా ఆగి ఉంది. రెండు తలుపులూ మూసి ఉన్నాయి. లోపల మనిషి లేడు.

వ్యాను ఎట్లా ఆపాడో, ఎట్లా దిగాడో ఆయనకే తెలియదు. కారు మీద చేయి వేసి అద్దంలోంచి లోపలికి చూశాడు. సీటు మీద పెద్దమ్మ కోసం తీసుకున్న పూల పొట్లం ఉంది. ఇంకేమీ లేదు.

"నాయనా, ఆ వానలో ఏం చేస్తాండావు? ఇట్ల రా."

వెనక రేకుల కొట్టులో, పొయ్యి పక్కన బల్ల మీద కూర్చుని చైత్ర మిరపకాయ బజ్జీ తింటోంది. దర్శన్ చేతిలో టీ గ్లాసుంది. మామను చూసి గబగబా లేచాడు. ఇద్దరి ఒంటి మీదా గీత పడలేదు. కోదండరామకు కడుపులో పాలు పోసినట్టయింది. కొట్టులోకి వచ్చి, కూతురి నెత్తి మీద చేయి పెట్టి, అట్లాగే నిలబడిపోయాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. వాన అనుకుంటారులే అనుకున్నాడు. చైత్ర అనుకోలేదు.

"ఏం కాల్యా నాయనా. ట్రాక్టరు అడ్డమొచ్చింది, ఈయన బ్రేకు తొక్కినాడు, బండి జారి మట్టిలోకి దిగింది. నలభైలో వస్తాంటిమి కాబట్టి సరిపోయింది" అంది.

"ఈ కారు నలభైలోనా?"

దర్శన్ టీ గ్లాసులోకి చూశాడు. "వానొస్తే నలభై దాటడం లేదు మామా. నాకే తోలడం సరిగ్గా రాదేమో..."

"నీకు వస్తాది. తప్పు నాది. అవి మంచు టైర్లు. నేను చూసుకోకుండా ఏసినా."

ఇంత చిన్న మాట చెప్పడానికి ఆయనకు యాభై ఎనిమిదేళ్లు పట్టింది. చెప్పాక నెత్తి మీది మూట దింపుకున్నట్టుంది. ఇంకో బజ్జీ అడిగి తిన్నాడు కూడా.

వాన తగ్గి తుంపర్లు మిగిలాయి. కొట్టువాడు, పక్కనున్న లారీ మనుషులు తలో చేయి వేసి కారును రోడ్డెక్కించారు. అక్కయమ్మకు ఫోన్ చేసి భోజనం ఇంకో ఆదివారం అన్నారు. కారును అంగడి దాకా తానే తోలుకొస్తానని కోదండరామ పట్టుబట్టాడు. ముప్పై దాటనని మాట ఇచ్చాక దర్శన్ తాళం ఇచ్చి, వెనక వ్యానులో లైట్లు మిణుకుమిణుకుమనిపిస్తూ వచ్చాడు. చైత్ర తండ్రి పక్కన కూర్చుంది.

వంద గజాలు పోయేసరికే కోదండరామకు అర్థమైంది. స్టీరింగ్ తిప్పితే బండి వెంటనే తిరగదు. కింద ఏదో మెత్తగా ఒరిగి, అర క్షణం తర్వాత కదులుతోంది. ముందూ వెనకా చూసుకుని ఒకసారి బ్రేకు తొక్కాడు. తాను అనుకున్న చోటు దాటి ఆగింది. ముప్పైలోనే ఇట్లా ఉంటే? ఆపైన ఆలోచించలేదు.

"నీకు తెలుసా అమ్మా ఈ టైర్ల సంగతి?"

"పది దినాలాయ. శిడ్లఘట్ట దాటినాక ఒగ సారి జారింది. అప్పుడే ఆ గుర్తేందో ఫోన్లో చూసినా."

"మరి చెప్పల్యా?"

"అనుమానమొచ్చి ఆయన నిన్ను అడుగుదామన్న్యాడు. టైర్లలో ఏం లేదు, నీ తోలకమే అట్ల అని నేనే నోరు మూయించినా." చైత్ర కిటికీలోంచి బయటికి చూసింది. "తప్పంటే నువ్వు నాలుగు దినాలు అన్నం తినవు. ఇంట్లో ఎవురితోనూ మాట్లాడవు. నీకంత బాధెందుకని, నెమ్మదిగా పోతే సరిపోతాది లెమ్మనుకున్న్యా."

తన ముఖం చిన్నబోకూడదని ఈ పిల్ల పది రోజులుగా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరిగింది. అల్లుణ్ణి చేతకానివాడిని చేసింది. తాను అలిగి అన్నం మానేసిన రోజులన్నీ గుర్తుకొచ్చి, తన మీద తనకే రోత పుట్టింది.

"నేను అన్నం తినకుంటే ఏం మునిగిపోతాదమ్మా. నీకేమన్నా అయింటే..." వెనక ఎవరో హారన్ కొట్టి, తిట్టుకుంటూ దాటిపోయారు.

"ఇంగా ఏమేం మాటలు నాకు చెప్పకుండా మనసులో దాచుకున్న్యారు, నువ్వూ మీయమ్మా?"

"కోపం చేసుకోవు గదా?"

"చేసుకోను. చెప్పు."

చైత్ర ఆయన ముఖంలోకి ఒకసారి చూసి, సీట్లో సర్దుకుని కూర్చుంది. "అట్లయితే ముందు అమ్మ మోకాలి నొప్పి సంగతి చెప్తా. డాక్టరు ఆపరేషను చేయల్లని చెప్పినాక గూడా నువ్వు వద్దన్న్యావు చూడు" అని మొదలుపెట్టింది. అది అయ్యాక అంగడికి ఆయన కొనకుండా వదిలేసిన కొత్త మెషీను. ఆ తర్వాత తన పెళ్లినాడు వంటవాళ్లతో ఆయన పెట్టుకున్న గొడవ. ఒక్కో మాట సూదిలా దిగుతోంది. అయినా పక్కనే ఆ గొంతు వినబడుతుంటే కోదండరామకు ఎక్కడలేని హాయిగా ఉంది. చిక్కబళ్ళాపురం పొలిమేర కనబడేసరికి ఆమె ఇంకా చెబుతూనే ఉంది. ఆయన వేగం ఇరవైకి తగ్గించాడు.